మావోళ్ళొత్తన్నారండి

ఆ నీలం పట్టా నా కళ్ళముందు నుంచి పోవడం లేదు. నిద్రలో కూడా దాని నాలుగు మూలలా నాలుగు చెప్పులు కనబడుతున్నాయి.

నేవీ విన్యాసాల రిహార్సల్‌కి ఇంటిల్లిపాదీ విశాఖ ఆర్కే బీచికి బయల్దేరాం. అసలు రోజున తొక్కిసలాట, రిహార్సలైతే ఖాళీగా ఉంటుందని మా ఆవిడ సిద్ధాంతం. సీతమ్మధార నుంచి పెందుర్తి దాకా ప్రతి ఇంట్లోనూ ఇదే సిద్ధాంతం నడుస్తోందని సిరిపురం దాటకముందే తేలిపోయింది. బండి ఎక్కడో వదిలేసి, ఒక చేత్తో అత్తగారిని, ఇంకో చేత్తో పులిహోర డబ్బాని పట్టుకుని ఇసకలోకి దిగితే జాగా లేదు. మనుషులూ లేరు. పట్టాలున్నాయి! ఒక్కోదానికీ ఒక కాపలా కుర్రాడు. నేను నోరు తెరిచేలోపే, "మావోళ్ళొత్తన్నారండి."

ఇది ఆర్టీసీ బస్సుల్లో అబ్బిన విద్య. కాంప్లెక్సులోకి బస్సు తిరుగుతుండగానే కిటికీలోంచి రుమాలు లోపల పడాలి. రుమాలు కన్నా తువ్వాలు గట్టిది, తువ్వాలు కన్నా సంచీ, సంచీ కన్నా చంటిపిల్లాడు. ఒకే సీట్లో రెండు రుమాళ్ళు పడితే? కిందది ముందు పడింది కాబట్టి హక్కు దానిదేనని ఒక పక్షం. అయితే నలిగి కిందున్నదానికి విలువేమిటి, పైకి కనబడేదే రుమాలు అని రెండో పక్షం. తడి రుమాలు చెల్లుతుందా అన్నది ఇప్పటికీ తేలలేదు. మా మేనమామ ఓసారి విజయనగరం బస్సులో తన రుమాలు మీద వేరెవరో కూర్చుంటే, సీటు పోతే పోయింది, రుమాలైనా ఇప్పించండని ఆనందపురం నుంచి అడుగుతూనే వెళ్ళాడు. కూర్చున్నాయన లేవలేదు. విజయనగరంలో దిగాక రుమాలు చేతికొచ్చింది గానీ మామయ్య దాన్ని మళ్ళీ మొహానికి వాడలేదు.

ఇంతకీ, పండగలకి కూడా ఎవరో రుమాలు వేస్తున్నట్టున్నారు. 2022లో నేవీ డే మన బీచిలో రాష్ట్రపతి ముందు జరిగింది. మురిసిపోయాం. 2023లో సింధుదుర్గ్ పట్టుకుపోయింది, 2024లో పూరీ. డిసెంబరు 4 వాళ్ళది, తర్వాత ఎప్పుడో ఒక రోజు మనది. తూర్పు నౌకాదళం ఉన్న ఊరికి ఇదా మర్యాద?

ఆ మాటకొస్తే ఈ బీచిలో అందరికన్నా గట్టిగా జాగా పట్టింది కురుసుర జలాంతర్గామి. 1969 డిసెంబరు 18న సోవియట్ యూనియన్‌లోని రీగాలో మన నేవీలో చేరి, 2001లో రిటైరై, మరుసటేడు మ్యూజియం పేరుతో 91 మీటర్ల పొడవునా ఇసక మీద సర్దుకుంది. లెమ్మనే ధైర్యం ఎవరికీ లేదు. ఇదివరకు దాన్ని చూడ్డానికి వెళ్ళినప్పుడు గుండ్రటి తలుపుల్లోంచి పిల్లలు ఎలకల్లా దూరిపోయారు. మా అత్తగారు మాత్రం టార్పెడోల పక్కనున్న పడకల దగ్గర ఆగిపోయి, "పక్కకి ఒత్తిగిలే వీలైనా లేదు కదమ్మా" అంది.

ఆ పడకలు చూశాక ఘాజీ గురించి ఇదివరకులా మాట్లాడలేకపోతున్నాను. 1971 డిసెంబరులో ఆ పాకిస్తాన్ జలాంతర్గామి మన రేవు బయటే మునిగింది. గెలుపుకి గుర్తుగా బీచిలో స్తూపం కట్టుకున్నాం, కట్టుకోవలసిందే. కానీ అందులో తొంభైమందికి పైగా మనుషులు అలాగే ఉండిపోయారు. మావాడొస్తాడని అటువైపు ఎన్ని ఇళ్ళల్లో పడకలు వేసి ఉంచారో.

సరే, విన్యాసాలు మొదలయ్యాయి. ఆకాశంలో ఎవరూ పట్టా పరవలేరు కాబట్టి ప్యారాచూట్లు చూశాను, హెలికాప్టర్లు చూశాను. మార్కోస్ కమెండోలు పడవల్లో ఒడ్డుకొచ్చి ఏదో పేల్చేశారని శబ్దాన్ని బట్టి గ్రహించాను. నా ముందు ఒకాయన పలకంత ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. యుద్ధం ఏమైనా కనబడితే అందులోనే.

పొగ సర్దుకున్నాక దిగారు పట్టావారు. పదకొండుమంది, చేతుల్లో మురీ మిక్చర్ పొట్లాలు. తాపీగా కూర్చుని, అంతసేపూ ఇసకలో నిలబడ్డ నన్ను ఒక పెద్దాయన పిలిచాడు:

"బాబూ, కాస్త పక్కకి జరుగుతారా? మాకేటీ అవుపడ్డం లేదు."

నేను జవాబు వెతుక్కుంటూండగా మా ఆవిడ కనబడలేదు. చూస్తే పట్టా మీద కూర్చుని వాళ్ళకి పులిహోర వడ్డిస్తోంది. ఇంటికొచ్చే దారిలో సంతోషంగా చెప్పింది: వచ్చే ఏడు మనకీ కలిపి వాళ్ళే జాగా పడతారట. కాకపోతే కాపలాకి మధ్యాహ్నం నుంచి ఒక మనిషిని పంపమన్నారట.