పళ్లు రాని నోటికి డబ్బా రసం!

తాటిపాక సెంటర్లో ఎటు చూసినా అరటి గెలలే. అయినా మనవడికి అన్నప్రాశన అయీ అవకముందే తాతగారు కొనేది స్ట్రా గుచ్చిన డబ్బా జ్యూసు! "బలమండీ, పైన యాపిల్ బొమ్మ చూడండి" అంటారు. బొమ్మలో యాపిల్, లోపల పంచదార. ఏడాది నిండేదాకా పళ్ల రసమే వద్దు, మూడేళ్ల దాకా రోజుకి 120 మిల్లీలీటర్లు దాటొద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2017లోనే చెప్పింది. డల్లాస్ నుంచి కూతురు ఫోన్లో అదే చెబితే "మిమ్మల్ని పెంచలేదేంటే?" అని గద్దింపు. పెంచారు, చక్కెరకేళి చిదిమిపెట్టి!

విరేచనాలు పట్టుకున్నాయా, ఇంకో వేడుక: ఓఆర్ఎస్ (ఒంట్లో పోయిన నీరు, లవణాలు భర్తీ చేసే ద్రావణం) అని పేరున్న డబ్బా పానీయం పట్టిస్తారు. అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజు. ఆ పేరు తగిలించుకున్న పళ్ల పానీయాల్లో చక్కెర సుమారు 120 గ్రాములు! తీపి ఎక్కువైతే విరేచనాలు ఇంకా ముదురుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆ పేరు పీకేయమని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. పేరు పీకమన్నారు గానీ తీపి తియ్యమనలేదు.

అసలు ఓఆర్ఎస్ పొట్లం సర్కారు ఆసుపత్రిలో ఊరికే ఇస్తారు. అందుకే కాబోలు, మనకి ఆనదు.