మూడొందల జీఎస్‌ఎం సంబంధం

పెళ్ళి శుభలేఖ చేతికందగానే మనం ముహూర్తం ఎన్నింటికో చూస్తాం, ఫంక్షన్ హాలు ఎంత దూరమో చూస్తాం. మా పైఫ్లాటు వదినగారు దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఓసారి నలిపి, "మంచి సంబంధమండీ, మూడొందల జీఎస్‌ఎం ఉంటుంది" అంటారు. ఆవిడన్నది కాగితం బరువు లెక్క. పిలవడానికొచ్చినవాళ్ళు అదేదో పెళ్ళికొడుకు ప్యాకేజీ గురించి అనుకుని మురిసిపోతూ లేస్తారు.

వాళ్ళు లిఫ్టులో కిందికి చేరేలోపు ఇక్కడ కత్తెర బయటికొస్తుంది. ముందు పసుపు రాసిన నాలుగు మూలలూ ఎగిరిపోతాయి. ఆ పసుపు మీద ఎన్ని పూతలు జెస్సో అస్తరు కొట్టినా మళ్ళీ పైకి తేలుతుందని ఆవిడ ఫిర్యాదు. తర్వాత బంగారు రేకు వినాయకుడు. దేవుణ్ణి అడ్డంగా కోయకూడదు కాబట్టి తొండానికీ చెవులకీ దెబ్బ తగలకుండా చుట్టూ కత్తిరించి, దేవుళ్ళ డబ్బాలో వేస్తారు. పట్టుకుచ్చు సీసాలోకి, వెల్వెట్ అట్ట ఫైల్లోకి, లోపలి పల్చటి కాగితం పూరేకుల కవరులోకి వెళ్ళిపోతాయి. చివరికి మిగిలేది ఎవరి పెళ్ళి, ఎప్పుడు, ఎక్కడ అన్న అనవసర సమాచారం. అది చెత్తబుట్టలోకి. అందుకే పెళ్ళిరోజు పొద్దున అన్నయ్యగారు పట్టుపంచె కట్టుకుని మా గుమ్మంలో నిలబడి, "ఓసారి మీ శుభలేఖ ఇస్తారా, అడ్రసు రాసుకుంటాను" అంటుంటారు.

వదినగారి వంటి వాళ్ళు మీ అపార్టుమెంటులోనూ ఒకరుండే ఉంటారు. ఆనవాలు చెబుతాను. జనవరిలో నాంపల్లి నుమాయిష్‌కి వెళ్ళినప్పుడు చూడండి. చెవిదిద్దులు చేతిలోకి తీసుకుంటే మామూలు మనిషి అద్దంలో చూసుకుంటుంది. క్రాఫ్టులావిడ వాటిని వెనక్కి తిప్పి చూస్తుంది. హుక్కు ఎక్కడ అతికించారు, ఏ గమ్ము వాడారు, అంచు గీశారా లేదా అని. షాపువాడు నూటఇరవై అనగానే చిరునవ్వుతో కింద పెట్టేసి, పక్కవాళ్ళ చెవిలో "ఇది నేనే చేసేస్తాను" అంటుంది. ఈ ఒక్క మాటకి కొంపలు అంటుకున్నాయి.

ఆ నూటఇరవై ఆదా చెయ్యడానికి మర్నాడు బేగంబజారు ప్రయాణం. హుక్కులు విడిగా ఇవ్వరట, గ్రోసు కొనాలి. రెండు చెవులకి నూటనలభైనాలుగు హుక్కులు. అన్ని హుక్కులుంటే వాటికి రింగులు కావద్దా? రింగులు వంచడానికి నోస్ ప్లయరు కావద్దా? అక్కణ్ణించి సికింద్రాబాదు జనరల్ బజారుకి, అంచుకి సరిపడే లేసు కోసం. ఇక అసలు సరుకు పాలిమర్ క్లే. 57 గ్రాముల దిమ్మ రెండొందల పైచిలుకు. ఒక్క రంగుతో దిద్దు అవదు కదా, కనీసం ఏడు రంగులన్నా ఉండాలి. ఆటో దిగేసరికి నూటఇరవై రూపాయల దిద్దులు మూడువేలు దాటి ఉంటాయి. అయినా ఇంటికొచ్చి ఆవిడ చెప్పే లెక్క వేరు. "జతకి ముప్ఫయ్యే పడిందండీ, మిగతాదంతా ఇన్వెస్ట్‌మెంటు."

ఆ ఇంట్లో పాస్తా తిన్నవాళ్ళు ఒక్కరూ లేరు. పాస్తా మిషను మాత్రం ఉంది. గట్టిపడ్డ క్లేని అందులోంచి మళ్ళీ మళ్ళీ రేకులా లాగితే మెత్తబడి చేతికి లొంగుతుంది. కేకులకని కొన్న ఓటీజీ ఉంది, కేకు మొహం చూసి చాలాకాలమైంది. క్లే కాల్చిన ఓవెన్లో తిండి వండకపోవడమే మంచిదని, దానికి తగిలిన కత్తీ కర్రా మళ్ళీ వంటింటి గడప తొక్కకూడదని ఈ విద్యలో మొదటి నియమం. వదినగారు కొత్తల్లో ఈ సంగతి అత్తగారికి ఎలా నచ్చజెప్పాలా అని చాలా మథనపడ్డారు. మామ్మగారు ఒక్క నిమిషంలో అర్థం చేసుకున్నారు. ఎనభై రెండేళ్ళుగా మడీ తడీ పాటిస్తున్న మనిషికి 'అది ముట్టుకుంటే ఇది ముట్టుకోకూడదు' అన్న శాస్త్రం కొత్తా? "ఇన్నాళ్ళకి మా కోడలికి ఆచారం పట్టుబడింది" అని ఊరంతా చెప్పుకున్నారు. ఇప్పుడు ఆ ఓటీజీ చుట్టూ ముగ్గుపిండి గీత ఒక్కటే తక్కువ.

అన్నయ్యగారి కథ కొంచెం విషాదం. ఆయన కరెంటు డిపార్టుమెంటులో ఇంజనీరుగా రిటైరయ్యారు. సర్వీసంతా ట్రాన్స్‌ఫార్మర్లతోనే గడిచింది. ఒకరోజు వదినగారు ఎవరికో క్లే పుట్టుపూర్వోత్తరాలు చెబుతుంటే పక్కనే కాఫీ తాగుతూ విన్నారు. పేరుకి క్లే గానీ అందులో మట్టి రేణువు ఉండదు. పీవీసీ పొడి, దాన్ని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజరు, రంగు, అంతే. బాత్‌రూము పైపూ వదినగారి జుంకాలూ ఒకే వంశం. జర్మనీలో కేథే క్రూసే అని బొమ్మల తయారీకి పేరుపడ్డావిడ ఉండేది, ఆవిడ కూతురు ఈ ముద్దని పట్టుకుని 1950లలో అమ్మకానికి పెట్టింది, 1964లో ఒక పెన్సిళ్ళ కంపెనీ దాన్ని కొనుక్కుంది, అదే ఇవాళ్టి ఫిమో. అమెరికా స్కల్పీది ఇంకో దారి. ట్రాన్స్‌ఫార్మర్ల వేడిని బయటికి లాగడానికి తయారుచేశారు, ఆ పనికి కుదరలేదు, ఆనక 1960లలో బొమ్మల బంకగా తేలింది.

అన్నయ్యగారు కాఫీ కప్పు కింద పెట్టేశారు. "అంటే, ట్రాన్స్‌ఫార్మరు వద్దన్న సరుకన్నమాట" అన్నారు. ఆ తర్వాత డైనింగ్ టేబుల్ మీద రాత్రంతా ఉండిపోయిన క్లే ముద్ద వార్నిషుని తినేసి గుండ్రటి మచ్చ మిగిల్చినప్పుడు కూడా ఆయన అరవలేదు. ఆ ముక్కే మరోసారి అన్నారు. పచ్చి క్లేకి వార్నిషన్నా గట్టి ప్లాస్టిక్ డబ్బాలన్నా పడదు, పట్టుకుని కరిగిస్తుంది. అప్పట్నుంచి వదినగారు బాత్‌రూము గోడకని తెచ్చిన ఆఖరి టైలు మీద పనిచేస్తున్నారు. అదే టైలు మీద అలాగే ఓవెన్లోకి పంపొచ్చు, తీసి పెట్టేటప్పుడు ముక్కలు వంకరపోవు. ఆ రంగు టైలు మళ్ళీ దొరకదు కాబట్టి బాత్‌రూములో ఒక గోడకి పన్ను ఊడిన సందులా ఉండిపోయింది. ఆ ఖాళీ అన్నయ్యగారికి రోజూ పొద్దున్నే కనబడుతుంది.

ఇంతకీ ఆవిడ పనితనం మాటేమిటంటారా? అక్కడ మాత్రం వేళాకోళం చెయ్యడానికి నాకు నోరు రాదు. సంక్రాంతి బొమ్మల కొలువు కోసం ఆవిడ చేసిన విస్తరి భోజనం చూశాను. అరచేతిలో ఇమిడిపోయే అరటాకు. ఈనెలు సూదితో గీసినవి. అన్నం కోసం కాస్త వెలుగు చొరబడే తెల్ల క్లేని ముందు సగం కాల్చి, సన్నటి తురుముపీట మీద తురిమారు. మెతుక్కి మెతుకు అంటీ అంటనట్టుంది. ఇడ్లీల మీద గరుకుదనం పాత టూత్‌బ్రష్షుతో పొడిచి తెచ్చారు. గారె చిల్లు అగరొత్తి పుల్లతో. పెసరట్టు అంచుల దగ్గర ఎర్రగా కాలినట్టు కనబడడానికి గోధుమరంగు సుద్దముక్కని అరగదీసి మెత్తటి కుంచెతో అద్దారు. తెలుపు పని పూర్తయ్యేదాకా ఎరుపు విప్పరు. ఎరుపు వేలికంటితే ఆ తర్వాత పట్టుకున్న ప్రతి తెల్లవస్తువూ గులాబీ రంగే. ఆ వారమంతా ఇంట్లో ఎవరూ ఉన్ని బట్టలు వేసుకోకూడదు, ఒక్క నూగు ఎగిరి అన్నంలో పడ్డా అది వెంట్రుకలాగే కనబడుతుంది.

ఓటీజీ మీద అంకెలని ఆవిడ నమ్మరు. లోపల వేరే థర్మామీటరు పెట్టి, 130 డిగ్రీలు నిలబడ్డాక అరగంట లెక్కపెడతారు. తక్కువైతే తర్వాత పుటుక్కున విరుగుతుంది, మరీ ఎక్కువైతే మాడి ఘాటు పొగ, కిటికీలన్నీ తెరుచుకుని అందరూ బాల్కనీలోకి. ఆ అరగంటా ఆవిడ ఓవెను ముందు నుంచోడం, మామ్మగారు సోఫాలోంచి "పొంగిందా?" అని అడగడం మామూలే.

విస్తరి తయారయ్యాక మామ్మగారికి చూపించారు. మామ్మగారు భూతద్దం తెప్పించుకుని, ఆవకాయ దగ్గర ఆగారు.

"నూనె తేలలేదే!"

"అది క్లే అండీ అత్తయ్యా."

"క్లే అయితే మాత్రం? నూనె తేలని ఆవకాయ సంక్రాంతిదాకా నిలవుంటుందా? బూజు పట్టదూ?"

వదినగారు రెండుపూటలు ఆలోచించి, లిక్విడ్ క్లేలో ఎర్రసుద్ద పొడి కలిపి ముక్కల చుట్టూ పోసి, మళ్ళీ కాల్చి, పైన మెరుపు వార్నిషు చుక్క వేశారు. "ఇప్పుడు నిలవుంటుంది" అని మామ్మగారు సర్టిఫికెట్ ఇచ్చారు. కొలువుకొచ్చిన ఒకమ్మాయి అది చూసి, ఒక చెవికి ఇడ్లీ, ఒక చెవికి గారె కావాలని ఆర్డరు పెట్టింది. వారం తిరక్కుండా ఫోను. సాంబారు లేకుండా బోసిగా ఉందట. సాంబారు గిన్నె లాకెట్టుగా వెళ్ళింది.

ఎండాకాలం వస్తే హైదరాబాదు వేడికి క్లే జావగారిపోతుంది. రేకులు కాగితాల మధ్య ఉంచి పైన బరువు పెడితే అదనపు ప్లాస్టిసైజరు కాగితం పీల్చుకుంటుంది, కొంత గట్టిపడుతుంది. అదీ చాలకపోతే ఫ్రిజ్జు. అయితే ఫ్రిజ్జులో అప్పటికే మామ్మగారి మడి పెరుగు ఉంది. సరిహద్దు చర్చలు ఇంకా నడుస్తున్నాయి. అందుకని ఏప్రిల్, మే నెలలు ఆవిడ కాగితానికి కేటాయించారు. ఆ రెండు నెలలూ మేం జాగ్రత్తగా ఉంటాం. కొరియరు డబ్బా గుమ్మం బయట పెట్టం. సగం వాడిన కాలెండరు గోడకి ఉంటే, ఇంకా నెలలు మిగిలున్నాయని వచ్చినవాళ్ళకి విడమరిచి చెబుతాం. మాత్రల అట్టలు, టీ పొడి సంచీలు, చీరల మధ్య పెట్టే అట్టలు, పాత గడియారం పళ్ళచక్రాలు, అన్నీ ఆవిడ కళ్ళకి వేరేగా కనబడతాయి. మా ఆవిడ కొత్త చీర కట్టుకుని పైకెళితే, "అంచు ఎప్పుడైనా చిరిగితే నాకే ఇవ్వాలి" అని అడ్వాన్సు మాట తీసుకున్నారు.

పేపియర్ మాషే అని ఒక కొత్త విద్య వచ్చిందని ఓ మధ్యాహ్నం వదినగారు వివరించబోతే మామ్మగారు పెద్దగా నవ్వారు. కాగితాలు నానేసి, రోట్లో మెత్తగా రుబ్బి, మెంతిపిండి కలిపి వెదురుబుట్టకి మెత్తడం వాళ్ళమ్మ దగ్గరే నేర్చుకున్నారట. మెంతులు జిగురూ ఇస్తాయి, పురుగునీ రానివ్వవు. "మీ ఫెవికాల్ ఇచ్చేది ఒక్క జిగురే" అని కొట్టిపారేశారు. అత్తాకోడళ్ళు పోటీకి దిగారు. నానెయ్యడానికి పాత పేపర్లు చాల్లేదు. అటక మీద అన్నయ్యగారు ఏళ్ళ తరబడి దాచుకున్న కరెంటు టారిఫ్ ఆర్డర్ల కట్టలు కనబడ్డాయి. ఆయన వాకింగ్ నుంచి తిరిగొచ్చేసరికి స్లాబ్ రేట్లన్నీ గుజ్జయిపోయాయి. ఇప్పుడవి బుట్ట రూపంలో టీపాయి మీద ఉన్నాయి, వాటిలో అరటిపళ్ళు పెట్టారు. దగ్గరగా చూస్తే బుట్ట అడుగున 'గృహ వినియోగదారులు' అన్న మాట ఇంకా కనబడుతుంది.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ ధర దగ్గరే వస్తుంది చిక్కు. అపార్టుమెంటు దసరా స్టాల్లో ఎవరైనా జుంకాలు పట్టుకుని "ఎంతండీ?" అంటే, ఇందాకటిదాకా కాల్చే ఉష్ణోగ్రత గురించి గడగడా మాట్లాడిన మనిషి గొంతు తడారిపోతుంది. "మీరు పెట్టుకోండి, బావుంటాయి" అంటారు. రెట్టించి అడిగితే "మీ ఇష్టమండీ" అంటారు. మన ఇష్టం ఎప్పుడూ యాభై రూపాయలే. పైగా ఇంకో జత వాళ్ళ మరదలికి. నుమాయిష్‌లో నూటఇరవై అన్నందుకు నవ్వొచ్చిన వదినగారికి, తనవాటికి అరవై అని చెప్పడానికి సిగ్గు.

ఇది చూసి అన్నయ్యగారిలోని ఇంజనీరు లేచాడు. ఒక రాత్రి కూర్చుని ఎస్టిమేటు వేశారు. వదినగారు ఇంగ్లీషని తప్పించుకోకుండా గుండ్రటి అక్షరాలతో తెలుగులోనే రాశారు. క్లే 18 గ్రాములు 76 రూపాయలు. హుక్కులు వగైరా 12. వార్నిషు 8. కరెంటు దగ్గర కాస్త ఎక్కువసేపు పట్టింది. 1200 వాట్ల ఓవెను అరగంటకి 0.6 యూనిట్లు, కానీ థర్మోస్టాటు మధ్యమధ్య ఆగుతుంది గనక 0.4, వెరసి 4 రూపాయలు. నిపుణ శ్రమ, అయిదు గంటలు, 500. మొత్తం 600. కింద రెండు గీతలు కొట్టి, జీఎస్టీ అదనం అని రాసి, పొద్దున్నే కాఫీతోపాటు భార్య చేతికిచ్చారు.

వదినగారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో నలిపి చూశారు. "పాత లెడ్జరు కాగితమా? ఎంత బావుందండీ! ఇంకా ఉన్నాయా?" అన్నారు.

సాయంత్రం రెండో అంతస్తు పాప పుట్టినరోజుకి వదినగారి చేత్తో చేసిన కార్డు అందింది. మధ్యలో పేద్ద గులాబీ, రేకులు గుండ్రంగా చుట్టి, అంచులకి టీ డికాషను పట్టించి, పైన ఒక పెళ్ళి వినాయకుడు. ఆ పిల్ల ఈ మధ్యే ఒత్తులు నేర్చుకుంటోంది. మూడో రేకు మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది.

"ని-పు-ణ శ్ర-మ. ఐ-దొం-ద-లు. అంటే ఏంటాంటీ?"

"అది డిజైనమ్మా" అన్నారు వదినగారు.