పి 0135: టీకా తాత్పర్యములు

మూలము
పి 0135. ఓటూ సెన్సర్ హీటర్ సర్క్యూట్, బ్యాంక్ 1, సెన్సర్ 1.

అవతారిక
డ్యాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ గల పసుపు దీపము వెలిగి, ఎన్నిసార్లు తాళము తిప్పినను ఆరక, యజమానికి గుబులు పుట్టించుచుండగా, స్టీరింగు కింది సాకెట్టులో గుచ్చిన స్కానరు ఉపదేశించిన మంత్రమిది. అమెరికాలో 1996 మోడళ్ల నుండి ప్రతి కారును ఈ భాష మాట్లాడి తీరవలెనని శాసనము.

ప్రతిపదార్థము
పి = ఇంజను, గేరుబాక్సుల కుటుంబమునకు చెందినది (బి అయినచో బాడీ, సి అయినచో చాసిస్, యు అయినచో బండిలోని కంప్యూటర్లకు తమలో తమకు మాటలు లేవని భావము); 0 = ఏ కంపెనీ బండికైనను చెల్లునది; 1 = ఇంధనము, గాలి పాళ్ల ప్రకరణములోనిది; 35 = అందులో ఈ దోషము; ఓటూ = ఆక్సిజన్; బ్యాంక్ 1 = ఒకటో సిలిండరు ఉన్న వైపు; సెన్సర్ 1 = క్యాటలిటిక్ కన్వర్టరుకు ముందున్నది.

శంక: సిలిండర్లన్నియు ఒకే వరుసనున్న మన చిన్న కారుకు రెండో బ్యాంకే లేదు గదా, ‘1’ అనుట వ్యర్థము కాదా? సమాధానము: వి ఆకారపు ఇంజన్లు గల శ్రీమంతులను దృష్టిలో నుంచుకొని చెప్పినది. మనకు వినుటయే పుణ్యము.

వ్యాఖ్య
సెన్సరు స్వభావము తెలియనిదే హీటరు ప్రసక్తి బోధపడదు. పొగగొట్టములో తలదూర్చి, అందు మిగిలిన ఆక్సిజన్‌ను పసిగట్టుట సెన్సరు వృత్తి. పెట్రోలు ఎక్కువైనచో 0.9 వోల్టు దరిదాపున, గాలి ఎక్కువైనచో 0.1 వోల్టు దరిదాపున పలుకును. (వైడ్‌బ్యాండ్ సెన్సర్లకు ఈ లెక్క చెల్లదు.) కంప్యూటరు ఆ మాట విని, తూకములో ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి కుదురునట్లు సర్దును. అయితే సెన్సరులోని జిర్కోనియా పింగాణీ 300 డిగ్రీల సెల్సియసు దాటినగాని నోరు విప్పదు. 1976లో వోల్వో కార్లలో బాష్ వారి సెన్సరు తొలిసారి అమరినప్పుడు పొగ వేడియే దానికి దిక్కు. హీటరు తరువాత వచ్చినది. అది పనిచేయనిచో సెన్సరు ఆలస్యముగా మేలుకొనును. అంతదాక కంప్యూటరు తన పట్టికలు చూచి ఉజ్జాయింపుగా పెట్రోలు పోయును. మైలేజీ తగ్గుట ఇందువలననే.

పూర్వపక్షము: “సెన్సరు అని స్పష్టముగా ఉన్నది, మార్చి పారేయండి” అని షెడ్డులలో ఒక సంప్రదాయము.

ఖండనము: ఇది షష్ఠీ తత్పురుష. సెన్సరు యొక్క హీటరు యొక్క సర్క్యూటు. ఉత్తరపదమైన సర్క్యూటే ప్రధానము. అందు ఫ్యూజు, రిలే, వైర్లు, కనెక్టరు, హీటరు తీగ, కంప్యూటరు అన్నియు చేరియున్నవి. ఫ్యూజు మాడినదానికి సెన్సరు కొనిపించువాడు వ్యాకరణము చదువలేదనియైనను, మిక్కిలి బాగుగా చదివెననియైనను తలపవలెను.

సిద్ధాంతము: మొదట ఫ్యూజు చూడవలెను. పిదప ఇంజను చల్లబడిన మీదట కనెక్టరు ఊడదీసి, సెన్సరు వైపున్న హీటరు వైర్ల నడుమ (సాధారణముగా రెండును ఒకే రంగువి, తరచు తెల్లనివి) మల్టీమీటరు పెట్టవలెను. కొద్ది ఓములు చూపినచో హీటరు బ్రతికియున్నట్లు. కచ్చితమైన అంకె ఆ బండి మాన్యువల్‌లో ఉండును. మీటరు అనంతమని చూపినచో తీగ తెగినది, సెన్సరు కొనక తప్పదు. హీటరు బాగున్నచో, ఇంజను స్టార్ట్ చేసి, బండి వైపు కనెక్టరులో బ్యాటరీ వోల్టేజి వచ్చుచున్నదో లేదో చూడవలెను. రానిచో రిలే, వైరు వెదకవలెను. వచ్చుచున్నచో గ్రౌండు వైపు అనుమానింపవలెను; పెక్కు బండ్లలో దానిని నడుపునది కంప్యూటరే.

వైరు తెగుటకు వేడి గొట్టము తగులుట ఒక కారణము. రెండవది ఎలుక. వినాయకుని వాహనము మన వాహనము మీద ఏల పగబట్టునో ఏ పురాణమునను కానము.

రసము: యజమానికి కరుణము, బిల్లు చూచిన పిదప భయానకము.

తాత్పర్యము
దీపం నిలకడగా వెలుగుతుంటే బండి ఇంటిదాకా వస్తుంది, కంగారు వద్దు. కోడ్ చెరిపించుకొని వచ్చేస్తే సరిపోదు. లోపం అలాగే ఉంటే దీపం మళ్లీ వెలుగుతుంది. అదే దీపం వెలుగుతూ ఆరుతూ ఉంటే మాత్రం అది వేరే గ్రంథం: ఇంజను మిస్‌ఫైర్ అవుతోంది, కన్వర్టరు కాలిపోవచ్చు. అప్పుడు టీక చదువుతూ కూర్చోకండి, బండి పక్కకు తీసి ఆపండి.