శోభకృత్ నామ తవ్వకాల పంచాంగం

2023 ఉగాదికి, అంటే మార్చి 22న, ఢిల్లీలో అసలైన పంచాంగ శ్రవణం విజ్ఞాన్ భవన్‌లో జరిగింది. ప్రధాని 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్ విడుదల చేశారు. ఇష్టారాజ్యపు తవ్వకాలతో దేశానికి ఏటా సుమారు 3,000 కోట్ల రూపాయల నష్టమని సర్కారువారే ఫలశ్రుతి వినిపించారు. తవ్వబోయేవారు యాప్‌లో ఓ మాట చెబితే కేబుల్ యజమానికి కబురు వెళ్తుందట.

ఇక నవనాయకులు. ఆ ఏడాది రాజు జేసీబీ. జన్మస్థలం దగ్గరే, ఫరీదాబాద్ జిల్లా బల్లభ్‌గఢ్. 1979 నుంచి అక్కడ అవతరిస్తూనే ఉన్నారు. మంత్రి, నీటి పైపుల కాంట్రాక్టరు. సేనాధిపతి, గుంత గట్టున గొడుగు కింద గొంతుక్కూర్చుని నీలం, నారింజ, ఆకుపచ్చ పోగుల్ని ఒక్కొక్కటే స్ప్లైసింగ్ మిషన్‌లో అతికించే కుర్రాడు. నీరసాధిపతి, టోకున బ్యాండ్‌విడ్త్ అమ్మే కంపెనీ హెల్ప్‌డెస్క్: "టికెట్ రైజ్ చేశాం సార్."

నోయిడాలో నాలుగు అపార్ట్‌మెంట్లకు నెట్ ఇచ్చే చిన్న ప్రొవైడరు రాశిఫలం: ఆదాయం 2, వ్యయం 14. అవమానం 7. రాజపూజ్యం 1, అదీ టోకు కంపెనీకి బిల్లు కట్టే రోజున.

పాపం, లైను 99.5 శాతం సమయం పనిచేస్తుందన్న గ్యారంటీ చూసి కొంటాడు. మిగిలిన అర శాతమే నెలకు 3 గంటల 36 నిమిషాలు. అనుమానం తీరక మరో కంపెనీ నుంచి రెండో లైనూ తీసుకుంటాడు. రెండూ ఒకే కందకంలో పడుకుని ఉంటాయి. రాజుగారి ఒక్క పంటిగాటుకు రెండూ తెగుతాయి. గ్రహణానికైతే విడుపు ఘడియ ముందే రాసి ఉంటుంది.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006 నిబంధనల ప్రకారం అప్పట్లో బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చేవాడు నూటికి 90కి పైగా ఫాల్టులు మర్నాటి పనివేళకల్లా బాగుచేయాల్సి ఉండేది. తెగిన తీగ అతనిది కాదు. దాన్ని ముట్టుకునే హక్కూ లేదు. బయటివాళ్లు తవ్వితే టోకు ఒప్పందాల్లో చాలామటుకు మినహాయింపే. మహా అయితే లైను తెగి ఉన్న గంటల అద్దె తగ్గిస్తారు. తిట్లు మాత్రం అతనికే.

తవ్వేముందు నోటీసివ్వాలని, తెంపితే పరిహారం కట్టాలని 2023 జనవరిలోనే రూల్స్ గెజిట్‌కెక్కాయి. 3,000 కోట్ల నష్టం లెక్కగట్టినవారు, అందులో ఏ కాంట్రాక్టరు దగ్గర ఎంత వసూలైందో ఎందుకు చదవరు? కేబుల్‌కు డబ్బు కట్టించుకుని దారిచ్చేదీ, అదే రోడ్డు తవ్వడానికి పర్మిషన్ ఇచ్చేదీ మునిసిపాలిటీలే. కేబుల్ ఎక్కడుందో వాళ్ల ఫైల్లోనే ఉంది. ఆ ఫైలు తెరవకుండా సంతకం గీకినవాడి పేరు బయటపెట్టండి. నష్టం అతని జీతంలోంచి కోయండి.