ఇచట రిస్కు నేర్పబడును

టైపు, షార్ట్‌హ్యాండు నేర్పే ఇన్‌స్టిట్యూట్ల కాలం పోయింది. కంప్యూటర్ కోర్సుల కాలం కూడా పోయేలా ఉంది. ఇప్పుడు మన ప్రైవేటు యూనివర్సిటీలు రిస్కు నేర్పుతున్నాయి. స్థానికంగా దొరికే రిస్కు నాణ్యత బాగోదు కాబట్టి పిల్లలను సింగపూర్ తీసుకెళ్లి నేర్పుతాయి. దీన్ని ‘గ్లోబల్ ఎంట్రప్రెన్యూర్‌షిప్ ఇమ్మర్షన్’ అంటారు. వారం రోజులు, రెండు క్రెడిట్లు, బ్రేక్‌ఫాస్టు కలిపి. మధ్యాహ్నం ఇండియన్ భోజనం గ్యారంటీ అని బ్రోషర్లో చుక్క గుర్తు పెట్టి మరీ రాస్తారు. ముక్కూమొహం తెలియని తిండి తినే రిస్కు సిలబస్‌లో లేదు.

సింగపూర్ ఎందుకంటే, హైదరాబాదులో విమానం ఎక్కితే నాలుగున్నర గంటల్లో దిగొచ్చు. పిల్ల రాత్రి పదకొండింటికి రోడ్డు మీద తిరిగినా తల్లికి బెంగ ఉండదు. వ్యాపార దక్షత సంగతంటారా, అది అక్కడి ప్రభుత్వం దగ్గర బోలెడంత ఉంది. 1961లో ఎకనామిక్ డెవలప్‌మెంట్ బోర్డు పెట్టుకున్నారు. నెదర్లాండ్స్ నుంచి ఆల్బర్ట్ విన్సీమియస్ అనే ఆర్థికవేత్తను సలహాకు పిలిచి, రెండు దశాబ్దాలకు పైగా ఆయన మాట విన్నారు. చిత్తడి నేలగా ఉన్న జురాంగ్‌ను ఫ్యాక్టరీల పేట చేశారు. కంపెనీల్లో ఉన్న సర్కారు వాటాలు చూసుకోవడానికి 1974లో టెమాసెక్ అనే సంస్థను పెట్టారు. కాబట్టి మనవాడు సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లో వెళ్తే అందులో పెద్ద వాటా టెమాసెక్‌దే. దిగగానే సింగ్‌టెల్ సిమ్ కొంటే అందులోనూ అంతే. డీబీఎస్ ఏటీఎంలో డబ్బు తీసుకున్నా టెమాసెక్ గుమ్మంలోకి వెళ్లినట్టే. సర్కారే పెద్ద షావుకారుగా ఉన్న ఊళ్లో, సర్కారు మీద ఆధారపడకుండా బతకడం ఎలాగో మన పిల్లలు నేర్చుకుని వస్తారు.

రెండో రోజు బ్లాక్ 71కి తీసుకెళ్తారు. కూల్చేయాల్సిన పాత ఫ్యాక్టరీ భవనం అది. 2011లో స్టార్టప్‌లకు ఇచ్చారు. అక్కడ ట్యాక్సీ యాప్ గ్రాబ్ విజయగాథ చెబుతారు. గ్రాబ్ ఆలోచన మొలిచింది హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో, 2012లో పుట్టింది మలేసియాలో, సింగపూర్‌కి కాపురానికి వచ్చింది ఆ తర్వాత. అంత లోతుకి వెళ్లే టైముండదు, బస్సు కింద హారన్ కొడుతూ ఉంటుంది.

చెప్పాల్సిన కథ ఇంకొకటుంది, బ్రోషర్లో మాత్రం లేదు. సిమ్ వాంగ్ హూ అని ఒకాయన ఉండేవాడు. పాలిటెక్నిక్ డిప్లొమాతో బయటికొచ్చి, 1981లో చైనాటౌన్‌లో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు పెట్టాడు. 1989లో ఆయన కంపెనీ క్రియేటివ్ తెచ్చిన సౌండ్ బ్లాస్టర్ కార్డు మన కంప్యూటర్ సెంటర్లలో పీసీలకు కూడా గొంతు ఇచ్చింది. ఐపాడ్ మీద పేటెంటు తగువులో 2006లో ఆపిల్ కంపెనీ చేత పది కోట్ల డాలర్లు కట్టించిన ఘనుడు. ఆ సిమ్ 1999లో రాసిన పుస్తకంలో తన దేశానికి ఒక జబ్బుందన్నాడు. పేరు ‘నో యూటర్న్ సిండ్రోమ్’. అమెరికాలో వద్దని బోర్డు లేకపోతే బండి యూటర్న్ తీసుకోవచ్చు. సింగపూర్‌లో తీసుకోవచ్చని బోర్డుంటేనే తీసుకోవాలి. బోర్డు కోసం ఎదురుచూసే అలవాటు పడినవాడు కొత్తది ఎలా చేస్తాడయ్యా అని ఆయన బాధ.

చూశారా, రోగి ఇంటికే వైద్యం నేర్చుకోవడానికి పంపుతున్నాం. నిజానికి ఈ విషయంలో సింగపూర్‌కి పాఠం చెప్పగలిగింది మనమే. 2017లో అమరావతిలో 1,691 ఎకరాల ‘స్టార్టప్ ఏరియా’ను సింగపూర్ కంపెనీల కూటమి చేతిలో పెట్టి, 2019లో ప్రభుత్వం మారగానే రద్దు చేశాం. యూటర్న్‌కి బోర్డు అక్కర్లేదని వాళ్లకి ప్రత్యక్షంగా చూపించాం. దానికి ఫీజు కూడా తీసుకోలేదు.

నాలుగో రోజు హాకర్ సెంటర్. సింగపూర్లోనూ ఒకప్పుడు వీధి వీధినా బళ్లే. 1968-69లో సుమారు 18 వేల మంది పేర్లు రాసుకుని లైసెన్సులిచ్చారు. 1986 నాటికి వాళ్లను పైకప్పు, కుళాయి, మురుగుకాలువ ఉన్న సెంటర్లలోకి చేర్చారు. ఆ తిండి సంస్కృతికి 2020లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అంతకు ముందు, 2016లో, చాన్ హాన్ మెంగ్ అనే ఆయన సోయా సాస్ కోడి అమ్మే కొట్టుకి మిషెలిన్ నక్షత్రం దక్కింది. మన పిల్లలు అక్కడ గంటసేపు నిలబడి సెల్ఫీలు దిగుతారు. ‘స్ట్రీట్‌ఫుడ్ ఎకోసిస్టమ్’ అని నోట్సు రాసుకుంటారు. ఆ తర్వాత చుక్క గుర్తు ప్రకారం ఇండియన్ భోజనానికి బస్సెక్కుతారు. వీళ్ల కాలేజీ గేటు ముందు మిర్చిబజ్జీల బండిని మేనేజ్‌మెంట్ కిందటి నెలలోనే లేపించేసింది. క్యాంపస్ లుక్ పాడవుతోందట.

ఆరో రోజు సాయంత్రం ముస్తఫా అనే పెద్ద అంగడి. షెడ్యూల్లో ‘ఫ్రీ టైమ్ - షాపింగ్’ అని ఉంటుంది. దాని యజమాని ముస్తాక్ అహ్మద్ ఉత్తరప్రదేశ్ నుంచి చిన్నప్పుడే వచ్చినవాడు. తండ్రి తోపుడుబండి మీద తిండి అమ్ముతుంటే పిల్లాడు పక్కన నిలబడి రుమాళ్లు అమ్మాడు. 1971లో చిన్న బట్టల కొట్టు పెట్టారు. ఇవాళ అందులో గుండుసూది దగ్గర్నుంచి బంగారం దాకా దొరుకుతుంది. మొత్తం కోర్సులో పాఠం అంటూ ఉంటే ఆ అంగట్లోనే ఉంది. సరిగ్గా అక్కడే మాస్టార్లు ‘ఇక మీ ఇష్టం’ అని వదిలేస్తారు. పిల్లలు చాక్లెట్లు, సెంటు సీసాలు, అమ్మమ్మ మోకాళ్లకు టైగర్ బామ్ కొనుక్కుని బయటపడతారు.

మా ఎదురింటాయన కొడుకు మొన్ననే ఈ కోర్సు చేసి వచ్చాడు. కిందటేడు ఈ అబ్బాయే ఇద్దరు స్నేహితులతో కలిసి బస్టాప్ దగ్గర దోసెల బండి పెడతాం, వాటాకి ఎనభై వేలు కావాలన్నాడు. దానికి ఇంట్లో రెండ్రోజులు పొయ్యి వెలగలేదు. ఇప్పుడు సింగపూర్‌కి లక్షా ఎనభై వేలు పీఎఫ్ లోను పెట్టి కట్టారు.

“దోసెల బండి పెడితే నష్టం రావచ్చు కదండీ,” అన్నాడాయన.

“మరి సింగపూర్ వెళ్తే లాభం వస్తుందా?”

“రాదు. కానీ సర్టిఫికెట్ ఇస్తారు. రెజ్యూమెలో పెట్టుకుంటే క్యాంపస్ ప్లేస్‌మెంట్‌కి మంచిదట.”

సొంత వ్యాపారం చేసే తెగువ ఉందని ధ్రువపత్రం చూపిస్తే, ఎవరో ఉద్యోగం ఇస్తారు. ఇంత చక్కటి లెక్కకి నా దగ్గర జవాబు లేక, కేంద్రం 2020లో వీధి వ్యాపారులకు స్వనిధి పథకం పెట్టినప్పుడు తొలి విడత రుణం పదివేలేనని, మీ ఫీజుతో పద్దెనిమిది బళ్లు లేచేవని గొణిగాను. “ఆ బళ్లవాళ్ల పిల్లలు కూడా ఎంబీయేనే చదువుతున్నారు సార్, వాళ్లనడగండి” అన్నాడు. అదీ నిజమే.

విషయం మార్చి, సింగపూర్ వాళ్లకే ఈ విద్యలో తమ ఊరి మీద నమ్మకం లేదని చెప్పాను. అక్కడి నేషనల్ యూనివర్సిటీ రెండు దశాబ్దాలకు పైగా తన పిల్లలను సిలికాన్ వ్యాలీ స్టార్టప్‌లలో నెలల తరబడి పనిచేయడానికి పంపుతోంది. అలా వెళ్లొచ్చినవాళ్లే ముగ్గురు 2012లో కరౌసెల్ పెట్టి, పాత సామాన్లు అమ్ముకునే యాప్‌తో పైకొచ్చారు. మరి సిలికాన్ వ్యాలీ వాళ్లు ఎక్కడికెళ్లి నేర్చుకుంటారు? అక్కడ పీటర్ థీల్ అనే కోటీశ్వరుడు కుర్రాళ్లను ఏరి, కాలేజీ మానేసి సొంత పని మొదలెడితే తలా లక్ష డాలర్లు ఇస్తానని మొదట్లో అన్నాడు. 2011 నుంచి డబ్బు ఇస్తూనే ఉన్నాడు. అంటే ఈ చదువులో అడుగున ఉన్నవాళ్లం ఎదురు ఫీజు కడతాం, పైమెట్టు మీదున్నవాళ్లకు మానేసినందుకు డబ్బిస్తారు.

ఎదురింటాయన శ్రద్ధగా విన్నాడు. “మానేశాక మనసు మారితే సప్లిమెంటరీ రాయనిస్తారాండీ?” అన్నాడు.

కుర్రాడు మాత్రం తెలివైనవాడే. కోర్సు చివర ఒక్కొక్కరూ ఒక బిజినెస్ ఐడియా చెప్పాలి. తక్కినవాళ్లు డ్రోన్లనీ, ఏఐ అనీ, నీళ్ల ట్యాంకర్ల యాప్ అనీ స్లైడ్లు వేశారట. వీడు వారం పాటు ట్రావెల్స్ వాడి పక్కన కూర్చుని లెక్కలు రాసుకున్నాడు. గ్రూపు టికెట్ ఎంత పడుతుంది, హోటల్లో గదికి ముగ్గురిని పెడితే ఎంత మిగులుతుంది, ముప్పై మంది పిల్లలుంటే ఇద్దరు మాస్టార్లకు ఉచిత ప్రయాణం ఎలా సర్దుతారు, అన్నీ. వేరే కాలేజీల పిల్లలను ఎంట్రప్రెన్యూర్‌షిప్ కోర్సుకి సింగపూర్ తీసుకెళ్లడమే వీడి ఐడియా. అప్పుడే రెండు కాలేజీలతో మాట్లాడాడు కూడా.

“మార్కులెన్ని వచ్చాయిరా?” అన్నాను.

“బి గ్రేడ్ అంకుల్. ఇన్నోవేషన్ లేదని డీన్ గారు అందరి ముందూ చీవాట్లు పెట్టారు. సాయంత్రం రూముకి పిలిచి, వాళ్ల బావమరిదికి ట్రావెల్స్ ఉందట, పార్ట్‌నర్‌గా పెట్టుకుంటావా అన్నారు.”

“ఇంకేం, మొదలెట్టెయ్.”

“ఆఫీసు గదికి యాభై వేలు అడ్వాన్సు కావాలి అంకుల్. నాన్న ఇవ్వనన్నారు. అశోక్‌నగర్లో గ్రూప్-2 కోచింగ్‌కి మాత్రం నిన్ననే కట్టేశారు.”