ఇంకొక్క ఇంజను

అమెరికాలో విస్కాన్సిన్, మిన్నెసోటా సరస్సుల చుట్టుపక్కల మంచు కరగగానే కొన్ని ఇళ్లలో ఒక ప్రశ్న లేస్తుంది: పాత బోటు ఇంజను ఇంకొకటి కొనాలా, వద్దా? పడవ వెనక చెక్కకు బిగించి, తాడు లాగి స్టార్టు చేసే అవుట్‌బోర్డ్ మోటారు సంగతి ఇది. మన తీరంలో ఫైబర్ బోట్లకు మత్స్యకారులు బిగించుకునేదీ ఈ జాతిదే. కాకపోతే వాళ్లు దాన్ని చేపల కోసం కొంటారు. అమెరికాలో ఈ ప్రశ్న వేసుకునే పెద్దమనిషి గ్యారేజీలో అప్పటికే గోడవారగా చెక్క స్టాండ్ల మీద ఇంజన్లు బారులు తీరి ఉంటాయి. కారు ఎప్పుడో బయటికి నడిచింది. పడవ ఒక్కటే, అదీ ఉంటే. ఇలాంటి చోట ఆ ప్రశ్న వేసుకోవడమంటే తనకు తానే అర్జీ పెట్టుకోవడం. అర్జీదారూ, మంజూరు చేసే ఆఫీసరూ ఒకరే కనుక కాగితం ఎక్కడా ఆగదు.

అర్జీకి జతపరిచే కారణాల్లో అందరికీ గౌరవంగా వినిపించేది స్పేర్ పార్టులు. ‘నడపడానికి కొనడం లేదండీ, విప్పి సామాను వాడుకోవడానికి’ అంటారు. వినడానికి పొదుపులాగే ఉంటుంది. 1950ల నాటి జాన్సన్, ఎవిన్‌రూడ్ ఇంజన్లనే తీసుకుందాం. ఆ రెండు పేర్లూ 1936లో ఒకే సంస్థ కిందికి వచ్చాయి కాబట్టి లోపలి సరుకు చాలావరకు ఒక్కటే. వాటిలో ముందుగా పోయేది ఇగ్నిషన్ కాయిల్. పైపూత ఎండి బీటలు వారుతుంది, ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టదు. నీళ్ల పంపులోని రబ్బరు ఇంపెల్లర్ రెక్కలు వంగినవి వంగినట్టే బిగుసుకుపోతాయి. కార్బురేటర్‌లోని బెండు ఫ్లోటు మీద లక్కపూత ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోలులో కరిగిపోయి, బెండు నాని మునుగుతుంది. ఇవన్నీ వాడకం వల్లకన్నా వయసు వల్ల వచ్చే జబ్బులు. మరి అదే ఏడు, అదే మోడల్‌లో కొన్న రెండో ఇంజను వయసెంత? దాని కాయిల్ కూడా పగిలే ఉంటుంది, దాని రబ్బరూ గట్టిపడే ఉంటుంది. అది ఇవ్వగలిగిందల్లా క్రాంక్‌షాఫ్టు, పిస్టన్లు, గేర్లు. అవి మొదటి ఇంజనులో నిక్షేపంగా ఉన్నాయి! రెండు కిడ్నీలూ పోయినవాడు, రెండు కిడ్నీలూ పోయిన మరొకణ్ణి దాతగా ఇంటికి తెచ్చి పోషించినట్టుంది వ్యవహారం. పైగా ఆ కాయిలూ ఇంపెల్లరూ కొత్తవి ఇవాళ్టికీ బజారులో దొరుకుతున్నాయి.

అరుదైన మోడళ్లకు కొత్త సామాను దొరకదు కదా అని అడగవచ్చు. నిజమే, దొరకదు. అయితే అంత అరుదైన ఇంజను రెండోది చేతికొస్తే దాన్ని విప్పే గుండె ఎవరికుంది? విప్పడానికి తెచ్చింది రెండు రోజుల్లో ‘బాగు చేయాల్సినది’గా ప్రమోషన్ పొందుతుంది. ఇప్పుడు దానికీ స్పేర్ పార్టులు కావాలి. ఈ తర్కానికి అంతం లేదు, గ్యారేజీకి మాత్రం నాలుగు గోడలున్నాయి.

రెండో కారణం పెట్టుబడి, పాతబడేకొద్దీ ధర పెరుగుతుందన్న ఆశ. దీనికి ఆధారం ఓలే ఎవిన్‌రూడ్ కథ. నార్వేలో పుట్టి విస్కాన్సిన్‌లో పెరిగిన ఈయన, ప్రియురాలికి తెడ్డు వేస్తూ తెచ్చిన ఐస్‌క్రీమ్ దారిలో కరిగిపోయిందని పడవకు ఇంజను కనిపెట్టాడంటారు. 1909లో ఆయన అమ్మిన ఇంజను శక్తి ఒకటిన్నర గుర్రాలు, బరువు 62 పౌండ్లు, ధర 62 డాలర్లు. అలాంటిది దొరికితే కొనవద్దని ఎవరూ చెప్పరు. గోడవారన ఉన్నవి ఆ బాపతు కావు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జీతాలు పెరిగి, సెలవులు దొరికి, ప్రతి కుటుంబమూ సరస్సు మీదికి ఎగబడిన కాలంలో ఫ్యాక్టరీలు కుప్పలుగా పోసినవి. పాతదైనంత మాత్రాన వస్తువు అరుదు కాదు. అమ్మేవాడూ కొనేవాడూ అదే అభిరుచి ఉన్న అదే వయసు మనుషులైతే, అందరి గ్యారేజీలూ ఒకేసారి ఖాళీ చేయాల్సిన రోజున కొనేదెవరు? ఇక ఊరికే వస్తున్నదని తెచ్చుకునేవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఫ్రీగా ఇస్తే ఫినాయిలైనా తాగేవాళ్లు మన దగ్గరే కాదు, విస్కాన్సిన్‌లోని మిల్వాకీలోనూ ఉంటారు.

అన్నిటికన్నా బలమైన వాదన చరిత్రది. జాన్సన్, ఎవిన్‌రూడ్‌ల ఆ ఉమ్మడి సంస్థ 2000లో దివాలా తీసింది. చేతులు మారి సాగిన ఎవిన్‌రూడ్ ఇంజన్ల తయారీ కూడా 2020లో ఆగిపోయింది. తయారుచేసినవాళ్లే వదిలేసిన వాటిని తుక్కులోకి పోకుండా కాపాడటం మంచి పనే. పైగా స్క్రూడ్రైవరూ స్పానరూ పట్టుకున్న ఓపికున్న ఎవరికైనా లొంగే యంత్రం అది. కంప్యూటర్ తగిలిస్తే తప్ప నోరు విప్పని నేటి ఇంజను ముందు ఆ విద్యకు విలువుంది. ఒప్పుకోవాల్సిందే. కాని విద్య నిలిచేది ఒక ఇంజనును పది సార్లు విప్పి బిగించినవాడి చేతుల్లో. పది ఇంజన్లు కొని ఒక్కటీ విప్పనివాడి దగ్గర మిగిలేది రసీదులు. పాతదాన్ని వాడటం పర్యావరణానికి మేలని చెప్పేవాళ్లూ ఉన్నారు. కాని ఈ రకం టూ-స్ట్రోక్ ఇంజన్లలో పోసిన ఇంధనంలో 25 నుంచి 30 శాతం దాకా మండకుండానే బయటికి పోతుందని అమెరికా పర్యావరణ సంస్థే లెక్క చెప్పింది. 1999లో లేక్ టాహో అనే సరస్సు మీద కార్బురేటర్ టూ-స్ట్రోక్‌లపై నిషేధం మొదలైంది అందుకే. ఆ లెక్కన స్టార్టు కాని ఇంజన్లను కొని దాచేవాడే సరస్సుకు అసలైన మిత్రుడు. ఈ ఒక్క సుగుణాన్ని మాత్రం వాళ్లెవరూ అర్జీలో రాసుకోరు.

కాబట్టి కొనదలచినవాళ్లు ముందు గోడవార ఉన్నవాటిలో నిరుడు వేసవిలో నీళ్లలో దిగినవి ఎన్నో లెక్కపెట్టండి. దిగనివాటిలో ఒకదాన్ని బాగు చేయండి. మిగతావాటిని నేర్చుకోవాలని ఉబలాటపడే కుర్రాళ్లెవరికైనా ఇచ్చేయండి. అది పూర్తయ్యేదాకా ఇంకో ఇంజను కొనకండి, ఒక కాయిల్ కొనుక్కోండి.