గోపురం కొలత, వెన్న పాస్తా

ఇటలీలో బొలోన్యా వాళ్లు తిండితో వేళాకోళాలాడరు. ఉడికిన తాల్యతెల్లె పాస్తా పట్టీ వెడల్పు 8 మిల్లీమీటర్లని 1972లో వాణిజ్య మండలిలో నమోదు చేయించారు, బంగారు నమూనాతో సహా! ఊళ్లోని అసినెల్లి గోపురం ఎత్తులో 12,270వ వంతట. ఈ పురాణమంతా చదువుకుని, పిల్లల్ని బండిలో కూర్చోబెట్టి బయల్దేరతారు అమ్మానాన్నలు. హోటలు రాత్రి ఏడున్నరకి గానీ తలుపు తీయదు. చంటిది ఏడింటికే నిద్రకి గోల. తీరా గంటలకొద్దీ మగ్గిన మాంసం రగూ వచ్చాక, నాలుగేళ్ల వారసుడు పళ్లెం అవతలికి నెట్టి, "నాకు ఉత్త వెన్నదే కావాలి" అంటాడు. వెయిటరు కనుబొమ్మైనా కదపడు. నాన్న రెండో పళ్లెం లాగించి, బిల్లులో ‘కొపెర్తో’ దగ్గర ఆగుతాడు: కుర్చీలో కూర్చున్నందుకు తలకింత! వెన్న బాబుగారి తల సహా.